సంతకం పైన ఏం రాసుంది?

కొన్నేళ్ల కిందట మా గూడెంలో చింతచెట్టు కింద గ్రామసభ పెట్టారు. సభ అంటే నాలుగు కుర్చీలు, ఒక రిజిస్టరు, ఒక స్టాంపు ప్యాడు. వచ్చినవాళ్లు పాతికమందికి మించలేదు. మిగతావాళ్లు తునికాకు కోతకు పోయారు. పింఛన్ల గురించి, ఉపాధి హామీ పనుల గురించి రెండు ముక్కలు చెప్పి, పంచాయతీ నుంచి వచ్చినాయన రిజిస్టరు చేతికిచ్చాడు. హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన మేం ముందు వరసలో ఉన్నాం. డిగ్రీ చదువుతున్నవాళ్లం కదా, గబగబా సంతకాలు పెట్టేశాం. పెద్దవాళ్ల వేళ్లు పట్టుకుని ముద్రలు వేయించిందీ మేమే. ఒక అవ్వ మాత్రం వేలు వెనక్కి తీసుకుంది. "పైన ఏం రాసుంది?" అని కోయ మాటలో అడిగింది. పైన ఏమీ లేదు. సగం పేజీ ఖాళీగా ఉంది. "హాజరు కోసమే అవ్వా, ఏం కాదు" అన్నాం. మా మాట నమ్మి ముద్ర వేసింది.

ఆరు నెలలకు మా గుట్ట దగ్గరికి మిషన్లు వచ్చాయి. ఎవరు ఒప్పుకున్నారని అడిగితే గ్రామసభ ఒప్పుకుందన్నారు. కాగితం చూపించారు. ఆ ఖాళీ సగం పేజీలో కంకర క్వారీకి అభ్యంతరం లేదన్న తీర్మానం ఉంది. దాని కింద మొదటి సంతకాలు మావే.

మాలో ఇద్దరం ఇంటర్‌లో పౌరశాస్త్రం చదివినవాళ్లం. రాష్ట్రపతిని ఎవరు ఎన్నుకుంటారో, రాజ్యసభ కాలపరిమితి ఎంతో, ప్రాథమిక హక్కులు ఎన్నో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం. బడి మొహం చూడని అవ్వకు అవేవీ తెలియవు. అయినా ఆ రోజు చెట్టు కింద పౌరశాస్త్రం తెలిసింది ఆమె ఒక్కతికే. ఆ సిగ్గుతోనే ఈ వ్యాసం రాస్తున్నాం. పాలన గురించి పౌరులకు ఎంత తెలుసు, పాలించేవాళ్లకు ఎంత తెలుసు, తెలియనితనం వల్ల ఎవరికి నష్టం, ఎవరికి లాభం అనేది మా ఏజెన్సీ నేల మీద నిలబడి చూడదలుచుకున్నాం.

పుస్తకంలో ఉన్న ప్రభుత్వం, ఊళ్లో ఉన్న ప్రభుత్వం

మేం చదువుకున్న సాంఘిక శాస్త్రం పుస్తకాల్లో దేశం ఢిల్లీ నుంచి మొదలై కిందికి దిగుతుంది. పార్లమెంటు, సుప్రీంకోర్టు, ముఖ్యమంత్రి, కలెక్టరు, చివర పంచాయతీ. అక్కడితో పాఠం అయిపోతుంది. మన బతుకు అక్కడి నుంచే మొదలవుతుంది. ఐదవ షెడ్యూల్ అనే మాట మా చదువులో ఎక్కడైనా తగిలిందంటే అది బిట్ పేపర్లో జతపరచండి ప్రశ్నగానే. మనం నిలబడ్డ నేలకు రాజ్యాంగం ప్రత్యేకమైన పాలన రాసి పెట్టిందని, 244వ అధికరణం కింద అది మనకూ వర్తిస్తుందని మేం తెలుసుకున్నది ఊళ్లో కేసు పడ్డాకే.

దేశంలో పది రాష్ట్రాల్లో షెడ్యూల్డ్ ప్రాంతాలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అందులోవే. ఈ ప్రాంతాల్లో పార్లమెంటు చేసిన చట్టమైనా, శాసనసభ చేసిన చట్టమైనా ఇక్కడ వర్తించదని గానీ, మార్పులతో వర్తిస్తుందని గానీ ప్రకటించే అధికారం గవర్నరుకు ఉంది. భూమి చేతులు మారకుండా ఆపడానికి, వడ్డీ వ్యాపారాన్ని కట్టడి చేయడానికి రెగ్యులేషన్లు చేసే అధికారం ఉంది. వాటికి రాష్ట్రపతి ఆమోదం కావాలి. చేసేముందు గిరిజన సలహా మండలిని సంప్రదించాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన గురించి గవర్నరు ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలి. ఇదంతా మన పాఠంలో ఉండాల్సిన మొదటి పేజీ. ఆ పేజీ లేకుండానే మనం పరీక్ష పాసయ్యాం.

ఇంకో ముఖ్యమైన తికమక ఉంది. చదువుకున్నవాళ్లే గ్రామసభ, గ్రామపంచాయతీ ఒకటే అనుకుంటారు. సర్పంచ్ ఒప్పుకుంటే ఊరు ఒప్పుకున్నట్టే అనుకుంటారు. 1996 డిసెంబరులో వచ్చిన పీసా చట్టం అలా చెప్పలేదు. ఆ చట్టంలో ఊరు అంటే రెవెన్యూ లెక్కల్లో ఉన్న ఊరు కాదు. తమ ఆచారాల ప్రకారం తమ వ్యవహారాలు చూసుకునే ఒక గూడెం, లేదా కొన్ని గూడేల గుంపు. అలాంటి ప్రతి ఊరికీ ఒక గ్రామసభ ఉండాలి. ఆ ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడే, సభ్యురాలే. పంచాయతీని మనం ఎన్నుకుంటాం. గ్రామసభను ఎవరూ ఎన్నుకోరు, అది మనమే. ఒక పంచాయతీ కింద ఏడు గూడేలుంటే ఏడు గ్రామసభలు ఉండొచ్చు. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే మా గుట్ట గురించి పంచాయతీ కేంద్రంలో కూర్చుని రాసిన కాగితాన్ని మొదటిరోజే ప్రశ్నించి ఉండేవాళ్లం.

గ్రామసభకు ఉన్న పనులు కూడా చిన్నవి కావు. పథకాలను ఆమోదించడం, లబ్ధిదారులను గుర్తించడం, పంచాయతీ ఖర్చు చేసిన డబ్బుకు వినియోగ ధ్రువపత్రం ఇవ్వడం దాని పని. భూసేకరణకు ముందు సంప్రదింపు జరగాలి. చిన్న తరహా ఖనిజాల లీజుకు ముందస్తు సిఫారసు తప్పనిసరి. సారా, సంత, వడ్డీ, చిన్నపాటి అటవీ ఫలసాయం, పరాయి చేతుల్లోకి పోయిన భూమి, వీటన్నిటి మీదా అధికారాలు రాసి ఉన్నాయి. అయితే ఆ చట్టంలో కొన్నిచోట్ల "గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ" అని ఉంది. ఆ "లేదా" అన్న రెండక్షరాలు మనకు కనపడవు. కాగితాలు నడిపేవాళ్లకు బాగా కనపడతాయి. ఊరంతా కూర్చోవాల్సిన చోట ఒక్క లెటర్‌హెడ్‌తో పని కానిచ్చేది ఆ సందులోంచే. చట్టం తెలుసుకోవడమంటే దాని బలంతో పాటు దాని సందులు కూడా తెలుసుకోవడం.

నాయకులకు ఎంత తెలుసు?

మన ఓటర్లకు తెలియదని తిట్టేవాళ్లు చాలామంది. డబ్బుకు ఓటేస్తారని, బిర్యానీకి మీటింగుకు పోతారని మనల్ని ఎగతాళి చేసిన ఉపన్యాసాలు విని విని మనమే నమ్మడం మొదలుపెట్టాం. మరి ఆ ఉపన్యాసాలిచ్చేవాళ్లకు ఎంత తెలుసో కూడా చూద్దాం.

2025 జనవరిలో విశాఖపట్నంలో జరిగిన పర్యాటక సదస్సులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకరు, ఏజెన్సీలో పర్యాటకం పెరగాలంటే 1/70 చట్టాన్ని సవరించాలన్నారు. ఫిబ్రవరిలో మన్యం బంద్ పాటించింది. అంగళ్లు మూశారు, బస్సులు ఆగాయి. చివరికి చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. మన ఐక్యత గెలిచింది, సంతోషమే. కానీ ఆ మాట ఎవరి నోట వచ్చిందో ఆలోచించండి. చట్టాలు చేసే సభను నడిపించే మనిషి నోట వచ్చింది. 1/70 అనేది హోటళ్లకు అడ్డుగా ఎవరో పెట్టిన గేటు కాదు. 1917 నాటి ఏజెన్సీ భూబదిలీ చట్టం, 1959 నాటి మొదటి రెగ్యులేషన్, ఇవి ఉండగానే భూములు పోతూ ఉంటే, ఆ సందులు మూయడానికి 1970లో చేసిన సవరణ అది. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడికి గిరిజనుడు అమ్మకూడదు, మరో గిరిజనేతరుడూ అమ్మకూడదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా భావించాలి, కాదని అతనే రుజువు చేసుకోవాలి. 1988లో సుప్రీంకోర్టు ఇది చెల్లుతుందని తీర్పిచ్చింది. ఐదవ షెడ్యూల్ కింద పుట్టిన రెగ్యులేషన్ గురించి మాట్లాడేవాళ్లు ముందు సలహా మండలిని తలుచుకోవాలి, గవర్నరును, రాష్ట్రపతిని తలుచుకోవాలి. ఆ సదస్సు మాటలో పెట్టుబడిదారుడు ఉన్నాడు గానీ ఈ ముగ్గురూ లేరు.

రెండో ఉదాహరణ మన ఉపాధ్యాయులందరికీ గుండెలో ముల్లు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 సంవత్సరం నాటి జీవో 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమని, ఐదవ షెడ్యూల్ కింద గవర్నరుకున్న అధికారం ఇంతవరకు రాదని చెప్పింది. ఆ తీర్పుతో మేం ఏకీభవించం. మైదానం నుంచి వచ్చిన మాస్టారు వారానికి రెండు రోజులు కనపడే బడిలో కూర్చున్నవాళ్లం మేం. పిల్లల మాట తెలిసిన టీచరు అదే ఊళ్లో కాపురం ఉంటే బడి ఎలా నడుస్తుందో చూసినవాళ్లం.

కానీ ఆ తీర్పు తర్వాత మన వేదికల మీద విన్న మాట ఏమిటి? "మమ్మల్ని గెలిపిస్తే జీవో 3 మళ్లీ తెస్తాం." చప్పట్లు కొట్టాం. రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసిన దాన్ని అదే రూపంలో ఇంకో జీవోతో తేవడం కుదరదని ఆ చెప్పినాయనకు తెలియదా? తెలిసి చెప్పాడా? రెండింట్లో ఏది నిజమైనా మనకు అవమానమే. కొత్త రెగ్యులేషన్ చేస్తారా, రాజ్యాంగ సవరణ కోరతారా, స్థానిక భాష తెలిసి ఉండటాన్ని ఉద్యోగ అర్హతగా పెడతారా, ఏ దారిలో పోతారని అడిగినవాళ్లు ఆ మీటింగులో ఒక్కరూ లేరు. మేమూ అడగలేదు. ఇచ్చిన హామీ ఎంత బోలుగా ఉందో, దాన్ని అందుకున్న చప్పట్లు కూడా అంతే బోలుగా ఉన్నాయి.

మూడోది పోడు భూమి. ఎన్నికలొస్తే ప్రతి పార్టీ "పట్టాలిస్తాం" అంటుంది. ఫొటో ఉన్న కాగితం చేతికి వస్తే దండం పెట్టి తీసుకుంటాం. 2006 అటవీ హక్కుల చట్టం పట్టాలిచ్చే చట్టం కాదు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న ఆదివాసీకి నాలుగు హెక్టార్లకు మించకుండా అప్పటికే ఉన్న హక్కును గుర్తించే చట్టం. గుర్తించే పని మొదలయ్యేది గ్రామసభలోనే, అది ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీతోనే. ఆ హక్కు వారసులకు వస్తుంది, అమ్మడానికి వీల్లేదు. పెళ్లైనవాళ్లయితే భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. ఇచ్చాం అనే నాయకుడికి, ఇచ్చారు అనే మనకు మధ్య గుర్తింపు అనే మాట మాయమైంది. ఇచ్చినవాడు రేపు తీసుకోగలడు. గుర్తించినవాడు తీసుకోలేడు. మాట మారితే హక్కు బిచ్చంగా మారుతుంది.

పట్టా మాటల్లో పడి అదే చట్టంలో ఉన్న సామూహిక హక్కులను మనమూ మరిచిపోయాం. ఊరి అడవి మీద ఊరికే ఉన్న హక్కు, వెదురు మీద, తునికాకు మీద, ఇప్పపువ్వు మీద హక్కు అడిగే గ్రామసభలు తక్కువే కనపడతాయి. నా ఎకరం, నా కాగితం అనే లెక్కలోకి మనల్ని దించారు, మనం దిగాం.

సలహా మండలిలో ఖాళీ కుర్చీలు

గిరిజన సలహా మండలి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఎందుకంటే ఇది నాయకులకూ మనకూ ఇద్దరికీ తెలియని చోటు. ఇరవై మందికి మించని ఈ మండలిలో వీలైనంతవరకు నాలుగింట మూడొంతుల మంది శాసనసభలోని గిరిజన సభ్యులై ఉండాలి. ఇరవై మందిలో పదిహేను. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది ఎమ్మెల్యేల్లో గిరిజన రిజర్వు స్థానాలు 7. తెలంగాణలో 119లో 12. అంటే రెండు రాష్ట్రాల్లోనూ ఆ రిజర్వు స్థానాలతో పదిహేను నిండదు. అప్పుడేం చేయాలో ఐదవ షెడ్యూల్‌లోనే రాసి ఉంది. మిగిలిన స్థానాలను ఆ తెగలకు చెందిన ఇతరులతో నింపాలి.

ఇతరులంటే ఎవరు? ఒక రిటైరైన టీచరు కావచ్చు. భూమి కేసులు నడిపిన గూడెం పెద్ద కావచ్చు. చెంచు, కొండరెడ్డి, కొలాం, పోర్జ వంటి, అసెంబ్లీ గడప తొక్కే బలం లేని చిన్న తెగల మనుషులు కావచ్చు. ఆ కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టారని మన సంఘాలు ఎన్నిసార్లు అడిగాయి? మండలి ఎప్పుడు కూర్చుంది, ఏం సలహా ఇచ్చింది అని మనం ఓటేసిన ఎమ్మెల్యేను ఎన్నిసార్లు అడిగాం? మేం అడిగేవి సీసీ రోడ్డు, బోరు, కమ్యూనిటీ హాలు. అవీ కావాలి. కానీ రోడ్డు వేయించడం పంచాయతీ, ఇంజనీరింగ్ శాఖ చేయగలిగిన పని. చట్టం గురించి మాట్లాడటం ఎమ్మెల్యే తప్ప ఇంకెవరూ చేయలేని పని. సర్పంచ్‌ను చట్టం మార్చమని, ఎమ్మెల్యేను మోరీ తీయించమని అడిగే చోట ఇద్దరూ హాయిగానే ఉంటారు.

మన ఎమ్మెల్యేలను కూడా వదలకూడదు. రిజర్వేషన్ వల్ల గెలిచి, పార్టీ గీత దాటకుండా కూర్చునేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. పార్టీ ఒకటి చెప్పి, తెగ ఇంకొకటి కోరిన రోజున వాళ్లు ఏం చేస్తారో ముందే అడిగి తెలుసుకోవడం ఓటరు చదువులో భాగం.

తెలియనితనం అందరిదీ ఒకటి కాదు

"పౌరులకూ తెలియదు, నాయకులకూ తెలియదు, అందరమూ నేర్చుకోవాలి" అని ముగిస్తే ఈ వ్యాసం అందరికీ నచ్చుతుంది. మేం అలా ముగించం. ఎందుకంటే నాకు తెలియకపోతే నా భూమి పోతుంది. నాయకుడికి తెలియకపోతే అతని భూమి పోదు.

ఇంకో సంగతి. లాభం ఉన్నచోట వాళ్లకు చట్టం క్షుణ్ణంగా తెలుసు. 1997 జూలైలో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఊళ్ల నుంచి మొదలైన పోరాటం అది. ఆ తీర్పు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? క్వారీ వ్యాపారికి మాత్రం తెలుసు. తెలుసు కాబట్టే మా గుట్ట లీజు మా కులం మనిషి పేరు మీదే తీసుకున్నాడు. మిషన్లు ఎవరివో, లారీలు ఎవరివో, బ్యాంకు పుస్తకం ఎవరి దగ్గర ఉందో గూడెం మొత్తానికి తెలుసు. పేరు ఇచ్చిన మనిషికి నెలకు కొంత ముడుతుంది. కాగితం మీద 1/70 చెక్కుచెదరలేదు, సమత తీర్పు చెక్కుచెదరలేదు. గుట్ట మాత్రం లేదు.

పేరు అమ్ముకోవడం మన వైపు జరుగుతున్న తప్పు. దాన్ని దాచి వ్యాసం రాస్తే మేమూ ఖాళీ కాగితం మీద సంతకం పెట్టినట్టే. 1/70 కోసం బంద్‌కు వచ్చిన మనిషే తన పేరు మీద పరాయివాడి ఇల్లు కట్టనిస్తే, ఆ చట్టాన్ని బయటి నాయకుడు రద్దు చేయనక్కర్లేదు. సంతలో అంగడి, రోడ్డు పక్క లాడ్జి, పేరు మనది, తాళం వాళ్లది. బంద్‌లో జెండా పట్టుకున్న యువకులు ముందు తమ బంధువర్గంలో ఈ మాట ఎత్తగలగాలి. అది స్పీకరును విమర్శించడం కంటే కష్టమైన పని, మాకు తెలుసు.

పదవి ఉంటే అధికారం ఉన్నట్టేనా అనేదీ ఇక్కడే అడగాలి. పీసా వల్ల షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచ్ పదవులు గిరిజనులకే. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్‌కూ ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది. ఉపసర్పంచ్ పదవికి ఆ రక్షణ లేదు. అక్కడ గిరిజనేతరుడు కూర్చుంటే, కుర్చీ ఒకరిది, కలం ఇద్దరిది. చట్టంలో ఇలాంటి చిన్న మార్పు వచ్చినరోజు మన సంఘాలు మేలుకుని చదవాలి. పదవి దక్కిందన్న పండగ చేసుకుంటూ ఉండిపోకూడదు.

అవ్వకు ఎక్కడి చదువు?

అవ్వ ఆ ప్రశ్న ఎక్కడ నేర్చుకుంది? చెట్టు కింద కూర్చునే మన పాత కూటమిలో నేర్చుకుంది. అక్కడ మాట అయ్యేదాకా పొద్దు గడుస్తుంది. ఒకరు ఒప్పుకోకపోతే మళ్లీ మొదటికొస్తారు. అయిన మాటను అందరూ వినేలా పెద్ద మళ్లీ చెబుతాడు. రాత లేదు కాబట్టి ప్రతివాళ్లకూ గుర్తుండాలి. గుర్తుండాలంటే ప్రతివాళ్లూ వినాలి. రాజ్యాంగ సభలో 1946 డిసెంబరులో జైపాల్ సింగ్ ముండా, ఆదివాసీలకు ప్రజాస్వామ్యం మీరు నేర్పనక్కర్లేదు, వాళ్ల దగ్గర మీరే నేర్చుకోవాలన్న అర్థంలో మాట్లాడాడు. ఆయన గొప్పగా చెప్పుకోవడానికి ఆ మాట అనలేదు. అలాంటి కూటముల మధ్య పుట్టి పెరిగిన మనిషిగా అన్నాడు.

అయినా పాతదంతా బంగారమని మేం అనం. చాలాచోట్ల ఆ కూటమిలో ఆడవాళ్లు వెనక నిలబడి వినేవాళ్లే. భూమి పంపకంలో, పెళ్లి తగవులో వాళ్ల మాట చివర వచ్చేది, కొన్నిసార్లు వచ్చేదే కాదు. ఇక్కడ కొత్త చట్టం మనకంటే ఒక అడుగు ముందుంది. అటవీ హక్కుల నిబంధనల ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఆ లెక్క చూస్తే మా గూడెంలో పాతికమందితో జరిగింది సభే కాదు. పాత కూటమి ఓపికకు ఈ కొత్త లెక్క కలిస్తే ఏమవుతుందో నియమగిరి చూపించింది. ఒడిశాలో 2013లో సుప్రీంకోర్టు ఆదేశం మీద డోంగ్రియా కొండుల ప్రాంతంలో పన్నెండు గ్రామసభలు జరిగాయి. బాక్సైట్ తవ్వకం వద్దని పన్నెండూ చెప్పాయి. వాళ్లలో చాలామందికి చట్టం పేరు కూడా తెలియకపోవచ్చు. కొండ ఎవరిదో తెలుసు, ఆ రోజు చెప్పే మాటకు విలువ ఉందని తెలుసు. ఆ రెండూ ఒకేసారి తెలియడమే పౌరజ్ఞానం.

బడిలో ఏం చేయొచ్చు?

ఉపాధ్యాయులైన మన అన్నలకు, అక్కలకు ఒక విన్నపం. పుస్తకం మారేదాకా ఆగనక్కర్లేదు. పౌరశాస్త్రం పీరియడ్‌లో ఒక్కరోజు బడి పిల్లలతో గ్రామసభ పెట్టించండి. ఒకరు సర్పంచ్, ఒకరు కార్యదర్శి, ఒకరు క్వారీ మనిషి, మిగతావాళ్లు ఊరు. క్వారీ మనిషి పాత్ర వేసే పిల్లవాడికి బాగా మాట్లాడే స్వేచ్ఛ ఇవ్వండి. రేపు నిజంగా వచ్చేవాడు ఇంకా బాగా మాట్లాడతాడు. మంది లెక్కపెట్టడం, తీర్మానం రాయడం, గట్టిగా చదవడం, చివర గీత గీసి ఖాళీ మిగలకుండా సంతకాలు తీసుకోవడం, నకలు అడగడం పిల్లలకు చేత్తో అలవాటు కావాలి. నకలు ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఎలా రాయాలో పదో తరగతి పిల్లలు రాయగలరు. సెలవు చీటీ రాసినంత తేలికే.

భాష సంగతి కూడా ఉంది. చట్టం ఇంగ్లీషులో పుట్టి, పుస్తకాల తెలుగులోకి వచ్చి, అక్కడే ఆగిపోతుంది. "తీర్మానం", "అభ్యంతరం లేదు", "సంప్రదింపు" అనే మాటలు మన పెద్దలకు తెలుగులోనే అర్థం కావు. కోయలో, గోండిలో, కువిలో, సవరలో వాటిని ఎలా చెప్పాలి? ఇది భాషావేత్తల కోసం ఎదురుచూసే పని కాదు. 1940లలో ఆదిలాబాద్ మార్లవాయిలో గోండు పిల్లలకు గోండిలో వాచకాలు తయారయ్యాయి, గోండు ఉపాధ్యాయులు తయారయ్యారు. ఎనభై ఏళ్ల తర్వాత మనం ఆ మాత్రం చేయలేమా? "సంప్రదించారు" అంటే "చెప్పి పోయారు" అనా, "అడిగి ఆగారు" అనా? మన భాషలో ఈ రెండింటికీ వేరే మాటలు దొరికిననాడు మన పెద్దలను మోసం చేయడం కష్టం.

యువకులకు మేం చెప్పేది తక్కువ. ఓటు అడగడానికి వచ్చినవాళ్లను మూడే ప్రశ్నలు అడగండి. సలహా మండలిలో మీరు ఏం మాట్లాడతారు? గవర్నరు నివేదిక మీరు చదివారా? మా గ్రామసభ వద్దన్నదాన్ని మీ పార్టీ కావాలంటే మీరు ఎటు నిలబడతారు? జవాబు రాకపోయినా నష్టం లేదు. ప్రశ్న తెలిసిన ఊరని తెలుసుకుని పోతారు.

మా గుట్ట సగం పోయింది, అది తిరిగి రాదు. లీజు పొడిగింపు కోసం పోయిన ఏడాది మళ్లీ రిజిస్టరు వచ్చింది. ఈసారి మేం కలం అందుకోలేదు. ముందు పైన రాయండి, రాసింది చదవండి, మా భాషలో చెప్పండి అన్నాం. వచ్చినాయన చదవకుండానే రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వస్తాడు. ఆ లోపు చదువుకోవాల్సింది మాకు చాలా ఉంది. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె వేలిముద్ర మాత్రం ఆ పాత పేజీలో, మా సంతకాల కింద, తాను ఒప్పుకోని మాట కింద ఇంకా ఉంది.